స్లీవా, బైపాసా... మా ఆపా ఫైసలా

మా ఆపా కుర్చీలో కూర్చుని నమాజ్ చదవడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ. దేవనకొండలో ఆమె ఇంటి పడసాలలో ఖిబ్లా వైపు తిప్పి పెట్టి ఉంటుంది. మెహమాన్ ఎవరైనా వచ్చి దాన్ని లాక్కుని కూర్చుంటే ఆపా ఏమీ అనదు. అజాన్ వినబడేదాకా ఓపిక పడుతుంది. ఆ తర్వాత వాళ్లే లేస్తారు.

ఆపాకు నలభై తొమ్మిదేళ్లు. ఎత్తు 152 సెంటీమీటర్లు. 2025 జనవరిలో తూకం వేస్తే 98 కిలోలు. షుగర్ వచ్చి పదకొండేళ్లు, పొద్దున సాయంత్రం ఇన్సులిన్. రాత్రి పడుకుంటే ఛాతీలో మంట, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. అందుకని మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టే నిద్రపోతుంది. మోకాళ్లు చూపించడానికి కర్నూలు తీసుకుపోతే ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ముందు బరువు తగ్గించుకుని రామ్మా" అన్నాడు. ఎట్లా తగ్గించుకోవాలో ఆయన చెప్పలేదు, ఆపా అడగలేదు. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "నడిస్తే తగ్గుతుందంటారు. నడవడానికే కదా ఆయన దగ్గరికి పోయింది" అంది.

ఆపరేషన్ మాట ఎత్తింది మా భాంజా. బెంగళూరులో కంపెనీ ఉద్యోగం వాడిది. అమ్మానాన్నల పేర్లు కంపెనీ ఇన్సూరెన్స్‌లో రాయించాడు. బరువు తగ్గించే ఆపరేషన్‌కు కూడా ఇన్సూరెన్స్ వస్తుందని ఎవరో చెప్పారట. వాడు ఫోన్లో చెప్పగానే మా దుల్హేభాయ్ ఒక్కటే మాట అన్నాడు: "లోగాఁ క్యా బోలేంగే?"

ఆ మాటను తీసిపారేయలేను. మాది కరువు సీమ. వాన ముఖం చాటేసిన ఏడు, బతుకుదెరువు కోసం మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే లేచిపోతాయి. పిల్లల బళ్లు ఖాళీ అవుతాయి. కడుపు నింపుకోడానికి జనం ఊరు విడిచే చోట, కడుపు చిన్నది చేయించుకోడానికి లక్షలు పెడతామంటే షరమ్‌గా ఉండదా? పక్కింటాయన నన్ను బస్టాండులో పట్టుకుని, "ఏం సామీ, అక్కకు పొట్ట కోపిస్తారంట గదా, అన్నం తగ్గిస్తే సాలదా?" అనడిగాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. ఆపా తినేది ఆ ఇంట్లో అందరికంటే తక్కువ అని ఆయనకెట్లా తెలుస్తుంది? దావత్‌లో అందరికీ వడ్డించి, దేగ్ అడుగున మిగిలింది నిలబడి తినే మనిషి ఆమె. తిండి ఒక్కటే కాదు, పదకొండేళ్ల షుగర్, ఇన్సులిన్, నిద్ర లేని రాత్రులు, కదలనివ్వని మోకాళ్లు అన్నీ కలిసి ఈ బరువు. దీన్ని డాక్టర్లు బీమారీ అంటారు, మనం బద్ధకం అంటాం.

మా ఫుప్పు భయం ఇంకోరకం. "వో హీరోయిన్ మర్ గయీ నా!" అంది. ఆర్తి అగర్వాల్ సంగతి. 2015 జూన్ 6న అమెరికాలో, న్యూజెర్సీలో, ఆమె పోయింది. ముప్ఫై ఒక్కేళ్లు. ఆ వార్త రాసిన డెస్కులో నేనూ ఉన్నాను. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. మేము కూడా "బరువు తగ్గే ఆపరేషన్" అనే హెడ్డింగు పెట్టాం. ఇప్పుడు ఆ హెడ్డింగు మా ఇంటికే తిరిగొచ్చింది. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఒంటి ఆకారం కోసం చేసేది, షుగర్‌కో ఊబకాయానికో ఇలాజ్ కాదు. మేం మాట్లాడుకుంటున్నది మేదా మీద, పేగుల మీద చేసే ఆపరేషన్. రెండింటికీ సంబంధం లేదు. పదేళ్ల కింద ఆ తేడా ఒక్క లైనులో రాసి ఉంటే మా ఫుప్పుకు ఇప్పుడు ఈ ఫికర్ ఉండేది కాదు.

ఫుప్పు ఊరుకోలేదు. ఈజిప్టు నుంచి ముంబై వచ్చిన ఈమాన్ అహ్మద్ పేరు తీసింది. టీవీలో చూసిందట. నిజమే. 2017లో ముంబై సైఫీ ఆసుపత్రిలో ఈమాన్‌కు స్లీవ్ ఆపరేషన్ చేశారు. అప్పటికామె బరువు ఐదు వందల కిలోల దాకా ఉందన్నారు. అదే ఏడు సెప్టెంబరులో అబుదాబిలో పోయింది. గుండె, కిడ్నీల జబ్బుల వల్ల అని అక్కడి ఆసుపత్రి చెప్పింది. ఏళ్ల తరబడి మంచం దిగని మనిషి ఆమె. ఆపా పరిస్థితి అది కాదు. అయినా ఆపరేషన్ అంటే ఆపరేషనే. కుట్ల దగ్గర లీక్ కావచ్చు, రక్తం కారవచ్చు, గడ్డ కట్టవచ్చు. ఖత్రా లేదని ఏ డాక్టరన్నా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది.

మొదట పోయిన చోట దాదాపు అదే జరిగింది. పెద్ద నగరంలో పెద్ద ఆసుపత్రి, పేరు వద్దు. డాక్టర్ని చూడకముందే కౌన్సెలర్ అని ఒకమ్మాయి ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టింది. స్లీవ్ ఇంత, బైపాస్ ఇంత, ఈ నెలలో అయితే ఇంత తగ్గింపు. చీరల షాపులో ఆషాఢం సేల్ గుర్తొచ్చింది. "అందరూ స్లీవే చేయించుకుంటున్నారు ఆంటీ" అంది. ఆపా కాగితం మడిచి బుర్ఖా జేబులో పెట్టుకుని, "అందరికీ నా గుండెల్లో మంట ఉందా?" అని నన్ను ఉర్దూలో అడిగింది. తర్జుమా చేశాను. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు.

రెండో చోట సర్జన్ తెల్ల కాగితం తీసుకుని బొమ్మలు గీశాడు. ఆయన చెప్పేది సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఆపాకు నేను ఉర్దూలో చెప్పాలి. ఉర్దూ మీడియం బళ్లో కడుపును మేదా అనీ, చిన్న పేగును ఛోటీ ఆంత్ అనీ, పైత్యరసాన్ని సఫ్రా అనీ బట్టీ పట్టాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక జీర్ణాశయం, ఆంత్రం వచ్చాయి. ఇన్నేళ్లకు ఆ మేదా, ఆంత్ మళ్లీ పనికొచ్చాయి.

స్లీవ్ అంటే మేదాలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలువుగా కోసి బయటికి తీసేయడం. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. చొక్కా చెయ్యిలా ఉంటుందని ఆ పేరు. కోసి తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. ఆపరేషన్ కొంచెం సులువు. కానీ తీసేసింది మళ్లీ పెట్టలేరు. నేను "ఆస్తీన్" అని చెప్పగానే ఆపా నవ్వింది. "ఆస్తీన్ కా సాంప్ విన్నాను గానీ, ఆస్తీన్ కా పేట్ ఇప్పుడే వింటున్నా."

బైపాస్ అనగానే ఆమె చెయ్యి గుండె మీదికి పోయింది. మన ఊళ్లలో బైపాస్ అంటే దిల్ కా ఆపరేషన్, లేకుంటే ఊరి బయటి రోడ్డు. నిజానికి ఇది ఆ రోడ్డు లాంటిదే. మేదా పైభాగంలో చిన్న సంచి కడతారు. ముప్ఫై మిల్లీలీటర్లు, అంటే చిన్న చాయ్ గ్లాసులో సగం కూడా కాదు. ఛోటీ ఆంత్‌ను కింద ఒకచోట కత్తిరించి పైకి తెచ్చి ఈ సంచికి కుడతారు. తిన్నది పాత మేదాలోకి, పేగు మొదటి భాగంలోకి పోకుండా నేరుగా కిందికి దిగుతుంది. పాత మేదా లోపలే ఉంటుంది, తీసెయ్యరు. దాని రసాలు, సఫ్రా వేరే దారిన వచ్చి కింద కలుస్తాయి. అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతికి ఇది మారుతూ వచ్చిన రూపం. ఇందులో రెండు అతుకులు. మినీ బైపాస్‌లో అతుకు ఒక్కటే, టైమ్ తక్కువ. కానీ సఫ్రా పైకి ఎగదన్నే భయం కొంత ఉంటుంది.

కడుపు చుట్టూ కట్టే బ్యాండ్ సంగతి అడిగాను. ఒకప్పుడు బాగా నడిచింది, జారడం, అరగడం ఎక్కువై ఇప్పుడు దాదాపు వదిలేశారన్నాడు. బెలూన్ ఆపరేషనే కాదు, కొన్ని నెలలకు తీసేస్తారు. భాంజా ఫోన్లో నుంచే మౌంజారో సూది గురించి అడిగాడు. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. వారానికో సూది, నెలకు వేలల్లో ఖర్చు, ఆపేస్తే బరువు చాలామందికి తిరిగొస్తుంది. "ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు అదీ ఒక దారే" అన్నాడు డాక్టర్. దాచలేదు.

మరి రెండింట్లో ఏది మంచిది? నా ఉద్యోగం అడగడమే కాబట్టి అడిగాను, తర్వాత చదివాను కూడా. స్విట్జర్లాండులో 217 మందిని ఐదేళ్లు గమనించిన అధ్యయనం 2018లో అచ్చయింది. బరువు తగ్గడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా ఛాతీ మంటలో ఉంది. ముందే మంట ఉన్నవాళ్లలో బైపాస్ తర్వాత 60 శాతం మందికి పోయింది, స్లీవ్ తర్వాత 25 శాతం మందికే. స్లీవ్ చేయించుకున్నవాళ్లలో మంట పెరిగినవాళ్లు 32 శాతం దాకా, బైపాస్‌లో 6 శాతం. బైపాస్‌కు కూడా ఐబ్ ఉంది. మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరపడినవాళ్లు బైపాస్‌లో 22 శాతం, స్లీవ్‌లో 16 శాతం. షుగర్ మీద అమెరికాలో 150 మందితో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఐదేళ్ల తర్వాత మూడు నెలల షుగర్ పరీక్ష 6 లోపు ఉన్నవాళ్లు ఉత్త మందులతో 5 శాతం, స్లీవ్‌తో 23, బైపాస్‌తో 29.

ఎండోస్కోపీలో ఆపా అన్ననాళం కింది భాగం పుల్లనీళ్లకు ఒరుసుకుపోయి ఉంది. "స్లీవ్ చేస్తే ఈ మంట ముదురుతుంది. నా సలహా బైపాస్" అన్నాడు డాక్టర్. "కానీ దానికి షరతులున్నాయి. ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్ బతికినంత కాలం వేసుకోవాలి. రక్త పరీక్షలు తప్పకూడదు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి, ముట్టుకోకూడదు. అతుకు దగ్గర పుండు పడి రక్తం కారుతుంది. అమ్మా, నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?"

నేను ఉర్దూలో అడిగాను. ఆపా "నై" అంది. నేను "లేదు సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఆ రాత్రి దేవనకొండలో భోజనాలయ్యాక పాన్‌దాన్ అందుకోమంది. అమ్మీ పాన్‌దాన్ అది, ఇత్తడిది. అమ్మీ ఇంతెఖాల్ తర్వాత ఆపా తీసుకుంది. సుపారీ కోసం పై పళ్లెం ఎత్తితే కింద జర్దా డబ్బీ, దాని పక్కన మాత్రల స్ట్రిప్పులు నాలుగు. డైక్లోఫెనాక్. రెండు ఖాళీ, ఒకటి సగం. నేనేమీ అనలేదు. ఆపా చూసింది, నేను చూశానని.

ఫజర్ అయ్యాక తనే చెప్పింది. రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు. నాలుగేళ్లుగా. చీటీ లేకుండానే తెప్పించుకునేది. "ఆ గోలీ లేకుంటే నేను పొయ్యి దగ్గర నిలబడలేను రే. మీరంతా తినేది ఆ గోలీ మీదే."

ఎంతమంది ఇంటర్వ్యూలు చేశానో లెక్క లేదు. ఆ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నానో అంతకన్నా లెక్క లేదు. ఆపా మోకాళ్ల గురించి "కైసే హైఁ?" అని అడిగి, "ఠీక్ హైఁ" అంటే ఠీక్ అనుకున్నాను. డాక్టర్ గదిలో ఆమె అబద్ధాన్ని తెలుగులోకి తర్జుమా చేసింది నేనే. అది అట్లాగే ఉండి బైపాస్ జరిగుంటే, ఏదో ఒక రాత్రి నల్లటి వాంతి చేసుకుని కర్నూలు పోయే దారిలో ఏం జరిగేదో ఆలోచించడం కూడా ఇష్టం లేదు.

అప్పుడు అడిగాను, ఎవరమూ అంతవరకు అడగని మాట. "ఆపా, నీకేం కావాలి?" దుల్హేభాయ్‌కి ఇజ్జత్, ఫుప్పుకు ఖైరియత్, భాంజాకు అమ్మ, నాకు సరైన సమాచారం. ఆపాకు?

ఆమె పడసాల వైపు చూసింది. "మేరేకు జమీన్ పో సజ్దా హోనా. బస్."

పొద్దున డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. మాత్రలు, జర్దా, రెండూ. ఆయన కోప్పడలేదు. "ఇప్పుడు చెప్పడం చాలా మంచిదైంది" అని, ముందు కిడ్నీ పరీక్ష రాశాడు. షుగర్ ఉన్న మనిషి ఇన్నేళ్లు ఆ మాత్రలు మింగితే కిడ్నీలకు దెబ్బ. అల్లా దయవల్ల అవి బాగానే ఉన్నాయి. "రెండు నెలలు టైమ్ తీసుకోండి. జర్దా, నొప్పి మాత్రలు ఆపి చూడండి. పారాసిటమాల్ వాడొచ్చు, కసరత్తు నేర్పిస్తాను. ఉండగలిగితే బైపాస్. ఉండలేకపోతే స్లీవ్ ఆలోచిద్దాం, కానీ మంటకు జీవితాంతం మందు వేసుకోవాల్సి రావచ్చు." ఏ ఆపరేషన్ గొప్పదో కాదు, ఏ పాబందీని ఈ మనిషి దేవనకొండలో ఉండి నిలుపుకోగలదో చూడాలని ఆ రోజు అర్థమైంది. పెద్ద టెస్టులకు ఆదోనికో ఎమ్మిగనూరుకో పోవాలి, లేదంటే కర్నూలు. మాత్రలు నెలనెలా కొనాలి. ఇవన్నీ లెక్కలోకి రావాలి.

మస్లా అడగడానికి పేష్ ఇమామ్ సాబ్ దగ్గరికి దుల్హేభాయే పోయాడు. అల్లా ఇచ్చిన ఒంటిని మార్చడం జాయెజేనా అని ఆయన సందేహం. అందం కోసమైతే వేరే మాట, బీమారీకి ఇలాజ్ అయితే, తెలిసిన డాక్టర్ అవసరమంటే జాయెజ్ అన్నారు ఇమామ్ సాబ్. ఇలాజ్ చేయించుకోమని హుజూర్ (స) చెప్పిన సంగతి గుర్తు చేశారు. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి వదలమన్న హదీసు కూడా. ఇంటికొచ్చి చెబితే ఆపా, "డాక్టర్ అంత కూడా వదలడు" అంది.

ఆ రెండు నెలలు ఇల్లు మారింది. ఆపా నిలబడలేదు కాబట్టి పొయ్యి దగ్గర దుల్హేభాయ్ నిలబడ్డాడు. మొదటి వారం జొన్న రొట్టె విరిగిపోయింది, తర్వాత పర్వాలేదు. జర్దా మానడం మోకాళ్ల నొప్పికంటే కష్టమైంది. మేలో ఇస్తిఖారా చేసి, ఫోన్ చేసి తనే చెప్పింది. "బైపాస్. నా ఫైసలా. ఏమన్నా అయితే ఎవర్నీ ఏమీ అనకండి."

ఇన్సూరెన్స్‌కు పెద్దగా తకలీఫ్ కాలేదు. బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్ లాంటి జబ్బు ఉండాలన్నది పాలసీల్లో ఉండే షరతు. ఆపాది 42. డాక్టర్ చీటీ, పరీక్షలు అన్నీ జతచేశాం.

బక్రీద్ అయ్యాక, జూలైలో ఆపరేషన్ జరిగింది. మొదటి రెండు వారాలు నీళ్ల పదార్థాలే, గుటక గుటకగా. ఇన్సులిన్ ఆసుపత్రిలోనే సగానికి తగ్గించారు, మూడో నెలలో ఆపేశారు. ఛాతీ మంట పోయింది, ఒక్క దిండు చాలు. ఇప్పుడు డిసెంబర్, తూకం 74. ఇవి మంచి ఖబర్లు. మిగతావీ చెప్పాలి. నాలుగో నెలలో జుట్టు పిడికిళ్లుగా ఊడింది. ఎమ్మిగనూరులో ఒక వలీమాలో ఎవరో బలవంతం చేస్తే డబుల్ కా మీఠా రెండు చెంచాలు తిని, పావుగంటలో చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అట్లా అవుతుందట. డాక్టర్ ముందే చెప్పాడు, ఆపా ఇప్పుడు నమ్మింది. వగ్గాణి రెండు పిడికిళ్లు తింటే చాలు, మిరపకాయ బజ్జీ వైపు చూడదు. పాన్‌దాన్‌లో ఇప్పుడు విటమిన్ గోలీలు. క్యాప్సూల్ పైపొర జెలటిన్‌తో చేస్తారు, అది దేని నుంచి తీసిందో అని ఆమెకు శక్. డాక్టర్‌ని అడిగితే మామూలు బిళ్లలే రాసిచ్చాడు. మన ఇళ్లలో చాలామంది ఈ మాట అడగకుండా మందు మానేస్తారు. అడగండి, మానకండి.

ఆమెను బాధపెట్టింది రంజాన్. ఈసారి ఫిబ్రవరిలో వస్తోంది, ఆపరేషన్‌కు ఏడాది నిండదు. గుటకలు గుటకలుగా రోజంతా తాగాల్సిన నీళ్లు రోజాలో తాగలేరు, ఈ ఏడాది వద్దన్నాడు డాక్టర్. ఇమామ్ సాబ్ ఖజా పెట్టుకోమన్నారు. ఇన్సులిన్ మీద ఉన్నప్పుడు కూడా మొండిగా రోజాలున్న మనిషి. "ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నాడు" అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ దారిలో ఉంటే ఒక్క మాట వింటారా? ఏ ఆపరేషన్ అని అడిగే ముందు, వాళ్లు రోజూ ఏమేం మింగుతున్నారో, ఏం నములుతున్నారో, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారో కూర్చుని అడగండి. కోప్పడకుండా అడగండి. ఆ జవాబులు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. తగ్గింపు ధరల కాగితం ఇచ్చేవాళ్లు అవి అడగరు.

పోయిన జుమాకు దేవనకొండ పోయాను. అసర్ టైమ్‌కు ఆపా పడసాలలో జానమాజ్ పరిచి నేల మీద నిలబడింది. సజ్దాకు వంగడానికి చాలాసేపు పట్టింది. లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుంది. దుల్హేభాయ్ సాయం పోబోతే సలాం తిప్పాక కసిరింది. అరిగిన మోకాళ్లు అరిగినట్టే ఉన్నాయి, మోసే బరువు తగ్గిందంతే. కుర్చీని నా వైపు జరిపి కూర్చోమంది. మరీ నొప్పి ఉన్న రోజు మళ్లీ దాన్నే ఖిబ్లా వైపు తిప్పుకుంటుంది.